అబ్బాజాన్ దాచిన అల్-రిసాలా కట్టలు: మౌలానా వహీదుద్దీన్ ఖాన్‌ను చదివినోళ్ళు ఉంటే చెప్పండి

అల్మాస్‌పేట వాసి (కడప)
అందరికీ సలాం, నమస్కారం. మా అబ్బాజాన్ పోయి నాలుగు నెలలైంది. ఆయనది గడియారాల రిపేరు అంగడి. మొన్న అంగడి ఖాళీ చేస్తాంటే బల్ల కింద రేకుపెట్టెలో పదకొండు కట్టలు బయటపడినాయి. అల్-రిసాలా అనే ఉర్దూ మాసపత్రిక. ఏడాదికొక కట్ట లెక్కన గుడ్డ బైండు చేయించి, వీపు మీద సిరాతో ఏడాది రాసి పెట్టినాడు. పేజీల అంచుల్లో గడియారం నూనె మరకలు, వేలిముద్రలతో సహా అట్లనే ఉన్నాయి.

నేను తెలుగు మీడియం. ఉర్దూ కూడబలుక్కుంటే పేజీకి పావుగంట పడుతుంది. రాసింది మొత్తం దాదాపు ఒక్కరే, మౌలానా వహీదుద్దీన్ ఖాన్.

అడగడానికి కారణం ఇంకోటి ఉంది. 1993 రంజాన్లో మా ఇంట్లో ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ (తిండి పరిచే గుడ్డ) దగ్గర అబ్బాజాన్‌కూ మా మామూకూ, అంటే మేనమామకూ, మాటామాటా పెరిగింది. నాకప్పుడు తొమ్మిదేండ్లు. అజాన్ అయినా మామూ ఖర్జూరం నోట్లో పెట్టుకోలేదు, చేతిలోది పళ్ళెంలో వేసి లేచిపోయినాడు. పదేండ్లు మా గడప తొక్కలేదు. ఆ గొడవ ఈయన గురించేనని అమ్మ ఇప్పుడు చెప్తాంది. ఆ ఏడాది కట్ట తిరగేస్తే ఒక పేజీ పక్కన పెన్సిలుతో 'కిస్కా సబ్ర్?' అని రాసుంది. ఎవరి ఓర్పు అని. దస్తూరి అబ్బాజాన్‌ది కాదు.

ఎవరీయన? బావా బావమరుదులు విడిపోయేంత ఏం రాసినాడు?

చాయ్ దమ్ (కర్నూలు)
టీవీలో కోటూ టై కట్టుకొని వేరే మతాలోళ్ళతో వాదులాడతాడే, ఆయనేనా?

హంద్రీ ఒడ్డు (కర్నూలు)
కాదప్పా, నువ్వు చెప్పేది జాకిర్ నాయక్ సంగతి. ఈయన దానికి పూర్తిగా ఎదురు. తలపాగా, తెల్లగడ్డం, గొంతు పైకి లేవదు. వాదించి గెలవడం దావా కాదనేవాడు. దావా అంటే ధర్మం చెప్పడం, తెలియనోళ్ళ కోసం.

అనంత మేష్టారు (అనంతపురం)
అల్మాస్‌పేట బాబూ, నాకు ఉర్దూ రాదు. ఇంగ్లీషు అల్-రిసాలా కొన్నేళ్ళు తెప్పించుకున్నా, ఆ బలంతో చెప్తున్నా. తప్పులుంటే హంద్రీ ఒడ్డు గారు దిద్దుతారు, ఎట్లాగూ ఊరుకోరు.

1925 జనవరి 1న పుట్టాడు. ఉత్తరప్రదేశ్ ఆజంగఢ్ జిల్లాలో బఢరియా అనే పల్లె, భూములున్న కుటుంబం. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. చదువు సరాయ్‌మీర్‌లోని మద్రసతుల్ ఇస్లాహ్‌లో. అది ఖురాన్‌ను వాక్యం వెంట వాక్యం ఆలోచించి చదవమనే బడి. అక్కడ ఆయనకు చెప్పిన అమీన్ అహసన్ ఇస్లాహీ తర్వాత పెద్ద వ్యాఖ్యాత అయ్యాడు. బయటికొచ్చాక ఈయన సొంతంగా ఇంగ్లీషు నేర్చుకొని లైబ్రరీల్లో కూర్చొని సైన్సు పుస్తకాలు నమిలేశాడు.

అప్పట్లో చదువుకున్న ముస్లిం కుర్రాళ్ళను లాగిన అయస్కాంతం మౌదూదీ. ఆయన 1903లో ఔరంగాబాద్‌లో పుట్టాడు, అంటే నిజాం రాజ్యమే. తర్జుమానుల్ ఖురాన్ పత్రికను నడపడం మొదలుపెట్టింది మన హైదరాబాదులో. 1941లో లాహోర్‌లో జమాతె ఇస్లామీ అనే సంస్థ పెట్టాడు. వహీదుద్దీన్ దేశ విభజన రోజుల్లో అందులో చేరి దాదాపు పదిహేనేళ్ళు పనిచేశాడు. మనసులో ఒక ముల్లు దిగింది. మనిషికీ దేవుడికీ మధ్య ఉండాల్సిన సంబంధాన్ని మౌదూదీ గారు ప్రభుత్వం, అధికారం చుట్టూ తిప్పేశారు కదా అని. ఉత్తరాలు రాశాడు. పెద్దలకు రాశాడు, మౌదూదీకే రాశాడు. వచ్చిన జవాబులు తృప్తినివ్వలేదు. బయటికొచ్చి 1963లో 'తాబీర్ కీ గలతీ' అని పుస్తకం వేశాడు, వ్యాఖ్యానంలో పొరపాటు అని. ఆ ఉత్తర ప్రత్యుత్తరాలు కూడా అందులో అచ్చేశాడు. ఉద్యమాల్లోంచి బయటికొచ్చినవాళ్ళు తిట్టి పోస్తారు గానీ, అవతలివాళ్ళ జవాబులు కూడా వేసి చదువుకోండి అనేవాళ్ళు తక్కువ. ఆ ఒక్కపనికే నాకు ఆయన మీద గౌరవం.

ఆ తర్వాత లక్నోలో నద్వా అనే పెద్ద మద్రసాలో కొన్నాళ్ళు. 1966లో 'మజ్హబ్ ఔర్ జదీద్ చాలెంజ్' వచ్చింది. నాస్తికత్వానికి సైన్సు భాషలోనే జవాబు చెప్పాలని చూసిన పుస్తకం. అరబ్బీలోకి వెళ్ళాక ఆ దేశాల్లో విపరీతంగా చదివారు. ఢిల్లీలో జమీయతె ఉలమా అనే మతపండితుల సంఘం వారపత్రిక నడిపాడు. 1970లో ఇస్లామిక్ సెంటర్, 1976లో మీ నాన్న దాచుకున్న అల్-రిసాలా. 2009లో ఖురాన్ ఇంగ్లీషు అనువాదం. 2021 ఏప్రిల్ 21న కోవిడ్‌తో ఢిల్లీలో పోయాడు, 96 ఏళ్ళు.

చాయ్ దమ్ (కర్నూలు)
సార్, ఇంత చెప్పి అసలు సంగతి దాటేసినారు. పద్మవిభూషణ్ 2000లో వాజపేయి ఇచ్చినాడు. ఊరికే ఇస్తారా?

అనంత మేష్టారు (అనంతపురం)
2000లో వచ్చింది పద్మభూషణ్. పద్మవిభూషణ్ 2021 జనవరిలో ప్రకటించారు, పోయే మూణ్ణెల్ల ముందు. మధ్యలో కాంగ్రెస్ వాళ్ళు రాజీవ్ గాంధీ సద్భావనా పురస్కారం కూడా ఇచ్చారు. బిరుదులు పెట్టి మనిషిని తూకం వేస్తే రాళ్ళు రెండువైపులా ఉంటాయి నాయనా.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)
మేష్టారు జీవితం బాగా చెప్పినారు. గొడవ నేను చెప్తా. అల్మాస్‌పేట తమ్ముడూ, మీ మామూ ఎందుకు లేచిపోయినాడో నాకు దస్తర్‌ఖాన్ చూడకుండానే అర్థమైంది.

1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూల్చినారు. బొంబాయిలో ఆ డిసెంబర్లో, మళ్ళీ జనవరిలో మనుషుల్ని నరికినారు. శ్రీకృష్ణ కమిషన్ లెక్కలోనే చనిపోయినవాళ్ళు 900. కూల్చిన నాలుగు రోజులకు కేంద్రం ఆరెస్సెస్‌తో పాటు జమాతె ఇస్లామీ హింద్‌ను కూడా నిషేధించింది. కూల్చినోళ్ళూ, కూలిందని ఏడ్చినోళ్ళూ ఒకే గాటన! సుప్రీంకోర్టు 1994లో గానీ ఆ నిషేధం కొట్టెయ్యలేదు.

ఆ వేడిలో ఈయన ఏమన్నాడు? ముస్లింలు బాబ్రీ మీద పట్టు వదిలెయ్యాల. హిందువులు అయోధ్యతో ఆగిపోవాల, కాశీ మథుర ఎత్తకూడదు. 1947 ఆగస్టు 15న ఏ గుడి, ఏ మసీదు ఎట్లుందో అట్లనే ఉండాలనే 1991 చట్టాన్ని రాజ్యాంగంలో చేర్చాల. ఇవి మూడు. ఉర్దూ పత్రికలు దుమ్మెత్తి పోసినాయి. అమ్ముడుపోయినాడు అన్నారు, సంఘ్ మనిషి అన్నారు.

అమ్ముడుపోయినాడని నేననను. జైన ముని సుశీల్ కుమార్, స్వామి చిదానంద్‌లతో కలిసి మహారాష్ట్రలో ఊరూరా తిరిగి, కత్తులు దించండి అని చెప్పిన మనిషి. కానీ ఆ మూడిట్లో మొదటిది ఆ రోజే ఇచ్చెయ్యాల, తక్కిన రెండూ ఎప్పుడో ఎవరో ఇవ్వాల. ఇదేం బేరం? కాశీ, మథుర మీద కోర్టుల్లో ఇయ్యాల ఏం జరుగుతాందో చూడండి.

ఆయన ఎప్పుడూ హుదైబియా సంధి చెప్పేవాడు. క్రీ.శ. 628లో ప్రవక్త (స) 1400 మందితో మక్కాకు పోతే ఊరి బయటే ఆపినారు. పత్రంలో 'అల్లాహ్ ప్రవక్త' అనే మాట తీసెయ్యమంటే తీయించినారు. ఆ ఏడాది వెనక్కి పొమ్మంటే పోయినారు. ఖురాన్ దాన్నే స్పష్టమైన విజయం అనింది, రెండేండ్లకు మక్కా చేతికొచ్చింది. నిజమే. మరి అబూ జందల్ ఎవరో అడగండి. సంధి రాస్తాండగానే సంకెళ్ళు ఈడ్చుకుంటా వచ్చినాడు, తండ్రి చెరలోంచి తప్పించుకొని. ఒప్పందం ప్రకారం అతన్ని వెనక్కి పంపేసినారు. హుదైబియా చెప్పేటోళ్ళు అబూ జందల్ దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గిస్తారు.

అల్మాస్‌పేట వాసి (కడప)
హంద్రీ అన్నా, మా మామూ జమాత్ అభిమానే. జమాత్ వాళ్ళ తెలుగు వారపత్రిక గీటురాయి సైకిల్ మీద ఇంటింటికీ వేసేవాడు. నిషేధం వచ్చిన రాత్రి పాత సంచికలన్నీ గోనెసంచిలో కుట్టి బియ్యం మూటల మధ్య పెట్టిందట మా ముమానీ, మామూ భార్య. ఆ భయం తీరకముందే అబ్బాజాన్ ఈ పత్రిక చేతిలో పెట్టి 'ఇది చదువు' అన్నాడంట.

మా అబ్బాజాన్ పిరికివాడు కాదన్నా. ఆ డిసెంబర్లో అంగడి ఒక్కరోజు కూడా మూయలేదు.

పెన్న ఇసుక (జమ్మలమడుగు వైపు)
నేను ముస్లింను కాదు, మతం సంగతి మాట్లాడను. రాజీ సంగతి నాకు తెలుసు, ఎందుకంటే మాది ఫ్యాక్షన్ ఊరు.

మా జేజినాయన కాలంలో మొదలైన కక్ష. రెండు పక్కలా కలిపి ఆరుమంది పోయినారు. పొలాలు బీడు పడినాయి, శెనక్కాయ వేసినా పీకేదానికి కూలోళ్ళు రారు. పెండ్లిపిల్లను ఇచ్చేటోడు లేడు. ఆఖరికి నడి ఊర్లో వేపమాను కింద రాజీ. నాకు పదిహేనేండ్లు, మా నాయన పక్కన నిలబడినా. అవతల వర్గం పెద్ద వచ్చేదాకా ఎవరూ అరుగు మీద కూర్చోలేదు. మా నాయన ముందు చెయ్యి చాపినాడు. ఒక్క క్షణం ఆ చెయ్యి అట్ల గాల్లోనే ఉండింది. ఆ క్షణం నేను చచ్చేదాకా మర్చిపోను. తర్వాత ఆయప్ప పట్టుకున్నాడు.

మా వర్గంలోనే ఏండ్ల తరబడి మాట్లాడుకున్నారు, ముందు చెయ్యి చాపి పరువు తీసినాడని. కానీ ఆ తర్వాత మా ఊర్లో ఎవరూ పోలేదు. నేను డిగ్రీ చదివినా. అందుకే ఈ మౌలానా మాట నాకు వింతగా అనిపించలేదు. ఎవురో ఒకరు ముందు తగ్గాల. ఇద్దరూ ఒకేసారి తగ్గేది నేను యాడా చూడలేదు.

అయితే హంద్రీ అన్న అబూ జందల్ మాట రాత్రంతా నిద్ర పట్టనియ్యలేదు. రాజీ అంటే కేసులు పోవాల. సాక్షులు మాట మార్చాల. మా చిన్నమ్మ మొగుణ్ణి నరికినోళ్ళ మీద కండ్లారా చూసిన సాక్షి ఆమె ఒక్కతే. కోర్టులో 'నేను చూడలేదు' అని చెప్పించినారు. ఊరంతా ఆ ఒక్క అబద్ధం మీద బతికింది. ఆమె ఇప్పటికీ ఆ వేపమాను కిందుగా పోదు, చుట్టు తిరిగి పోతుంది. మా నాయన చెయ్యి చాపినాడని అందరూ చెప్తారు, ఆమె ఏమిచ్చిందో ఎవరూ చెప్పరు.

రాజీ తప్పు అని నేననను. మళ్ళీ అదే రోజు వస్తే మా నాయన చెయ్యే చాపాల.

చాయ్ దమ్ (కర్నూలు)
ఫ్యాక్షన్లో రెండు పక్కలా కత్తులుంటాయి అన్నా. ఒక పక్క కత్తీ, ఇంకోపక్క వీపూ ఉంటే దాన్ని రాజీ అనరు. 14 శాతం మందిని సర్దుకోమని చెప్పడానికి మౌలానాలు దేనికి, మా వీధి కార్పొరేటర్ చాలు.

నిర్వాహకుడు
ఇప్పటి పార్టీల మీద వచ్చిన రెండు పోస్టులు తీసేశాను. మౌలానా గురించి ఎంత ఘాటుగా రాసినా ఉంచుతాను, ఒకరి పుట్టుక గురించి ఇంకొకరు రాస్తే ఉంచను.

గులాబీ దుపట్టా (ఆదోని)
మగవాళ్ళందరూ బాబ్రీ దగ్గరే ఆగిపోయారు. అల్-రిసాలా అంటే అదొక్కటే కాదు భాయ్.

మా ఇంటికి వచ్చేది. ఒక్కో సంగతి ఒక్కో పేజీ. పేజీ తిప్పితే ఇంకో సంగతి. ఎక్కడో ఒక వ్యాపారి దివాలా తీయడం, ఒక చెట్టు వేరు బండను చుట్టుకొని పోవడం, రైలు తప్పిపోయిన ప్రయాణికుడు, ఇట్లాంటివే. చివర నాలుగు ముక్కలు. ఉర్దూ కూడా అత్తరు పూసిన ఉర్దూ కాదు, బీడీలు చుట్టే మా ఖాలాకు చదివి వినిపిస్తే అర్థమయ్యేది. నాకు పదో తరగతి అయ్యాక చదువు మాన్పిద్దామని ఇంట్లో మాట వచ్చింది. మా అబ్బాజీ ఆ పత్రిక తీసి చిన్నాయన ముందు పెట్టాడు. ఉద్యోగం ఇవ్వలేదు, అన్యాయం చేశారు అని కూర్చోకుండా, పక్కవాడి కంటే రెండింతలు చదవండి అని ఉంది అందులో. 'చదవండి అన్నాడు, మగపిల్లలే చదవండి అనలేదు కదా' అన్నాడు అబ్బాజీ. నేను ఇవాళ లెక్కల టీచర్ను.

నవ్వొచ్చేదేమిటంటే, తర్వాత ఆయన ఆడవాళ్ళ మీద రాసిన పుస్తకం చదివాను. ఆడామగలకు ప్రకృతే పనులు పంచింది, ఇల్లు ఆమెది, బయట అతనిది అని గట్టిగా రాశాడు. ఆయన్ను అరకొరగా చదివి మా అబ్బాజీ నన్ను చదివించాడు. పూర్తిగా చదివుంటే ఏం చేసేవాడో! అయినా ఆయన ఖురాన్ పనంతటికీ కుడిభుజం సొంత కూతురు ఫరీదా ఖానమ్. ఇంగ్లీషు అనువాదంలో ఆమె చెయ్యి ఉంది. రాసిందొకటి, ఇంట్లో జరిగిందొకటి.

'కిస్కా సబ్ర్' అన్నది మంచి ప్రశ్న. అయితే అది ఢిల్లీ వాళ్ళనే కాదు, మన ఇళ్ళల్లో కూడా అడగాలి. సబ్ర్ చెయ్యి బేటీ, సబ్ర్ చెయ్యి అని నేను విన్నన్నిసార్లు మీలో ఎవరూ విని ఉండరు.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)
ఆపా, దానికి నా దగ్గర జవాబు లేదు.

అనంత మేష్టారు (అనంతపురం)
ఇంకో వివాదం మరిచిపోయారందరూ. 1989 ఫిబ్రవరిలో ఇరాన్ నేత ఖొమేనీ రచయిత సల్మాన్ రష్దీని చంపమని ఫత్వా ఇచ్చినప్పుడు ఈయన అడ్డం తిరిగాడు. ప్రవక్తను దూషిస్తే ఖురాన్‌లో ఈ లోకపు శిక్ష లేదు, మాటకు మాటతో జవాబు చెప్పండి అన్నాడు. దాని మీద ఉర్దూలో పుస్తకమే వేశాడు, 'షత్మె రసూల్ కా మస్‌అలా', ప్రవక్త దూషణ సమస్య అని. బాబ్రీ విషయంలో ఆయన్ను లొంగిపోయాడు అనవచ్చు. ఇక్కడ మాత్రం సొంత గుంపుకు ఎదురు నిలిచాడు. దాన్నేమంటారు?

మా ఊరి ముచ్చట ఒకటి, విషయం కాస్త పక్కకు పోతే క్షమించండి. ఖురాన్‌ను మొదట తెలుగు చేసింది చిలుకూరి నారాయణరావు గారు, 1925లో. ఆయన మా అనంతపురం కాలేజీలో తెలుగు పంతులు. బ్రాహ్మడు ఖురాన్ రాయడమేమిటని ఒకరు, ముస్లిం కానివాడు ముట్టుకోవడమేమిటని ఒకరు అనే అవకాశం ఎంతైనా ఉన్న పని. తర్వాత కర్నూలు నుంచి మౌల్వీ అబ్దుల్ గఫూర్ గారు చేశారు. మన సీమలో ఇట్లాంటి పనులు చప్పుడు లేకుండా జరిగాయి. ఉగాదినాడు దేవుని కడప వేంకటేశ్వరుడి గుడి ముందు ముస్లింల వరస చూసినవాణ్ణి, నాకు ఈ మౌలానా అంత కొత్తగా కనపడడు.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)
రష్దీ విషయంలో ఆయనకు సలాం, అది ఒప్పుకుంటా. దేవుని కడప సంగతి వేరు సార్. అక్కడ ఎవరూ ఎవర్నీ ఏదీ వదులుకోమనలేదు. బీబీ నాంచారమ్మ మా ఆడబిడ్డ, అల్లుడి ఇంటికి పోయి వస్తాం, అంతే.

నా కోపం ఆయన ఓర్పు మీద కాదు, దాన్ని ఒకవైపే చెప్పడం మీద. 'ఏకపక్షంగా సర్దుకోండి' అన్నది ఆయన మాటే, దాచుకోలేదు. హుదైబియాలో సంతకం పెట్టినాయన చేతిలో చెయ్యి వేసి 1400 మంది బైఅత్ చేసినారు, అంటే విధేయతగా ఉంటామని ప్రమాణం. అబూ జందల్‌ను పంపేటప్పుడు ఆయనకు కడుపు తరుక్కుపోయింది, ఓర్చుకో, అల్లాహ్ దారి చూపిస్తాడు అని చెప్పి పంపినారు. మౌలానాకు మా తరఫున సంతకం పెట్టమని ఎవరు చెప్పినారు? ఆయన కొడుకు జఫరుల్ ఇస్లాం ఖానే మిల్లీ గెజెట్ అని పత్రిక నడిపి, ముస్లింలకు జరిగిన అన్యాయాలన్నీ పూస గుచ్చినట్టు అచ్చేసినాడు. ఒకే ఇంట్లో తండ్రి ఫిర్యాదులు మానండి అంటాడు, కొడుకు ఫిర్యాదుల చిట్టా రాస్తాడు. నేను రెండూ చదివినా. రెండోది చదివితే నిద్ర పట్టలేదు. మొదటిది చదివితే పట్టింది. అందుకే మొదటిదాన్ని అనుమానిస్తా.

పెన్న ఇసుక (జమ్మలమడుగు వైపు)
ఈ ఆఖరి మాట బాగుందన్నా. మా చిన్నమ్మకు చెప్పాల.

చాయ్ దమ్ (కర్నూలు)
అల్మాస్‌పేట భాయ్, ఆ కట్టలేం చేస్తావ్? పాతపేపర్ల వాడికి వెయ్యొద్దు. సీపీ బ్రౌన్ లైబ్రరీలో అడుగు. ఆటో చార్జీ నేను ఫోన్‌పే చేస్తా, నిజంగా. ఇంతసేపు ఎగతాళి చేసినందుకు జుర్మానా అనుకో.

అల్మాస్‌పేట వాసి (కడప)
అందరికీ షుక్రియా. ఆటో చార్జీ వద్దు భాయ్.

నిన్న జుమా తర్వాత పదకొండు కట్టలూ మామూ ఇంటికి తీసుకుపోయినా. ఆయనకు ఎనభై దాటింది, భూతద్దం పెట్టుకొని చదువుతాడు. అడగకుండానే 1993 కట్ట ముందు తీసినాడు. పేజీ వెతకలేదు, తెరిస్తే అక్కడికే తెరుచుకుంది. పెన్సిలు రాత మీద వేలు పెట్టి, 'నాదే. ఇఫ్తార్‌కు ముందు మీ నాయన నమాజుకు వజూ చేసుకుంటాంటే రాసినా' అన్నాడు. కాసేపు భూతద్దం అటూ ఇటూ జరిపినాడు. 'బైండు వేయించేటప్పుడు రబ్బరుతో తుడిపేసుకోవచ్చు కదా' అన్నాడు. నేనేమీ అనలేదు.

హంద్రీ అన్న రాసిందీ, పెన్న అన్న రాజీ సంగతీ ఫోన్లో చదివి వినిపించినా. అబూ జందల్ దగ్గర తల ఊపినాడు. ఆ చిన్నమ్మ సంగతి రెండుసార్లు చదివించుకున్నాడు. మౌలానా గురించి మాత్రం మనసు మార్చుకోలేదు, 'మంచోడే, తప్పు చెప్పినాడు' అన్నాడు. ముమానీ లోపల్నుంచి 'మీ బావ కూడా నీ గురించి అదే అనేవాడు' అనింది.

పది కట్టలు లైబ్రరీకి ఇవ్వమన్నాడు. 1993ది తన దగ్గరే పెట్టుకున్నాడు.

గులాబీ దుపట్టా (ఆదోని)
1985, 86 కట్టలు ఉంటే ఇచ్చేముందు చెప్పు తమ్ముడూ. రైలు తప్పిపోయిన ప్రయాణికుడి పేజీ ఫోటో పంపు. చెదలు పట్టలేదు కదా?

అల్మాస్‌పేట వాసి (కడప)
లేదు ఆపా. కట్టకొక ఎండు వేపరెమ్మ పెట్టి ఉంది. 85 ఉంది, రాత్రికి వెతికి పంపుతా.